భుజంలో తెగిన స్నాయువు – కుట్టు పడనప్పుడు ఏం చేస్తారు?

(బి.యస్‌సి. తృతీయ సంవత్సరం విద్యార్థిని)

మన విద్యార్థి సంఘం వారు ఈ వార్షిక సంచికకు సైన్సు వ్యాసం ఒకటి కావాలని అడిగినప్పుడు, నేను అంతరిక్షం గురించో, అణుశక్తి గురించో రాస్తానని మిత్రులు అనుకున్నారు. నేను భుజం గురించి రాస్తున్నాను. అందుకు కారణం మా నాయన కుడి భుజం.

మాది అనంతపురం జిల్లాలో మెట్టసేద్యం. 2022 నవంబరులో చెనిక్కాయల మూటెలు ట్రాక్టరుకు ఎత్తుతూ మా నాయన కాలు జారి, చేయి చాచి పడినాడు. ఎముక విరగలేదు. "నరం పట్టేసింది, అదే పోతుంది" అన్నారు అందరూ. కట్టు కట్టించినాం, నూనె రాసినాం, సూదులు వేయించినాం. రోజూ రాత్రి ఆ భుజానికి మందు రుద్దింది నేనే. పదకొండు నెలలు గడిచాక, అంటే 2023 అక్టోబరులో, పట్టణంలో ఎం.ఆర్.ఐ. తీయించినాం. రిపోర్టు చూసి డాక్టరు గారు "రెండు స్నాయువులు పూర్తిగా తెగిపోయినాయి, ఇప్పుడు కుట్టడానికి వీలు లేదు" అన్నారు.

"సార్, కుట్టు పడకపోతే ఇంకేం దారి?" అని మా నాయన అడిగినాడు. డాక్టరు గారు ఓపికగా అరగంట చెప్పినారు. నాకు సగమే అర్థమైంది. మిగతా సగం తెలుసుకోవడానికి నేను చదివిన చదువే ఈ వ్యాసం. నేను డాక్టరును కాను. జంతుశాస్త్రం చదివే విద్యార్థినిని. కనుక దీనిని వైద్య సలహాగా కాక, ఒక పాఠంగా మాత్రమే చదవమని మనవి.

భుజం కీలు నిర్మాణం

తుంటి కీలు రోట్లో పెట్టిన గుండ్రాయి వంటిది. గుంట లోతు ఎక్కువ, గుండు అందులో కుదురుగా కూర్చుంటుంది. భుజం అలా కాదు. రెక్క ఎముక చివర ఉండే గుంట చాలా చిన్నది, లోతు తక్కువ. దాని మీద చేతి ఎముక అయిన భుజాస్థి తల ఆనుకొని ఉంటుంది. చిన్న మూత మీద పెద్ద చీనీకాయను నిలబెట్టినట్టు అనుకోండి. అందువల్లనే చేయి ఇన్ని దిక్కులకు తిరుగుతుంది. అందువల్లనే దానిని నిలిపి ఉంచే పని ఎముకలది కాక కండరాలది అయింది.

ఆ పని చేసేవి నాలుగు కండరాలు. పైన సుప్రాస్పైనేటస్, వెనుక ఇన్‌ఫ్రాస్పైనేటస్, దాని కింద టెరిస్ మైనర్, ముందు వైపు సబ్‌స్కాపులారిస్. నాలుగూ రెక్క ఎముక నుండి బయలుదేరి, స్నాయువులుగా మారి, భుజాస్థి తలను అంగీ చేతి పట్టీ లాగా చుట్టుకొని అతుక్కుంటాయి. ఈ పట్టీనే రొటేటర్ కఫ్ అంటారు. కండరాన్ని ఎముకకు కలిపే తాడు స్నాయువు. మన ఊళ్లలో దీనినే 'నరం' అంటాం గానీ, నరం వేరు, స్నాయువు వేరు. నరం వార్తను మోస్తుంది, స్నాయువు బలాన్ని మోస్తుంది.

భుజం మీద బయటికి గుండ్రంగా కనిపించే పెద్ద కండరం డెల్టాయిడ్. చేయి ఎత్తే బలంలో ఎక్కువ పాలు దానిదే. అయితే చేయి కిందికి వేలాడుతున్నప్పుడు అది లాగితే, ఎముక పక్కకు లేవడానికి బదులు నేరుగా పైకి జారుతుంది. అప్పుడు రొటేటర్ కఫ్ కండరాలు తలను గుంటలోకి నొక్కి పట్టుకుంటాయి. తల కదలకుండా ఉంటేనే చేయి లేస్తుంది. ఇది కాడికి కట్టిన రెండు ఎద్దుల పని. ఒకటి పడిపోతే రెండోది ఎంత బలమైనదైనా బండి దారిలో పోదు, ఒక పక్కకు తిరుగుతుంది.

కఫ్ తెగినప్పుడు జరిగేది అదే. డెల్టాయిడ్ లాగిన కొద్దీ తల పైకి జారి, భుజం పైకప్పు వంటి ఎక్రోమియన్ అనే ఎముకకు తగులుతుంది. మనిషి చేయి ఎత్తబోతాడు, అది భుజం దగ్గరే కుచించుకొని ఆగిపోతుంది. సంవత్సరాలు గడిస్తే ఆ రాపిడికి కీలే అరిగిపోతుంది. దీనిని అమెరికా వైద్యుడు ఛార్లెస్ నీర్ 1983లో వివరంగా వర్ణించి, కఫ్ తెగడం వల్ల వచ్చే కీలు జబ్బు అని పేరు పెట్టినాడు.

కుట్టు పడదు అంటే అర్థమేమిటి?

తెగిన స్నాయువును తిరిగి ఎముకకు కుట్టడం పాత విద్యే. బోస్టన్ నగరానికి చెందిన ఎర్నెస్ట్ ఆమరీ కాడ్‌మన్ తాను చేసిన అటువంటి కుట్టును గురించి 1911లోనే ప్రకటించినాడు. 1934లో ఆయన భుజం మీదనే ఒక పెద్ద గ్రంథం వెలువరించినాడు. ఈనాడు చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి, ఎముకలో చిన్న మేకులు దింపి, వాటి దారాలతో స్నాయువును కడుతున్నారు. తెగిన కొత్తలో అయితే చాలామందికి ఈ పని జరుగుతుంది.

మరి మా నాయనకు ఎందుకు జరగలేదు? కారణాలు మూడు.

మొదటిది, స్నాయువు వెనక్కు పోవడం. బిగువుగా ఉన్న పగ్గం తెగితే రెండు కొసలూ దూరంగా పోతాయి. కండరం కూడా తెగిన స్నాయువును తన వైపు లాక్కుంటుంది. నెలలు గడిచే కొద్దీ అది అక్కడే పొట్టిబడి గట్టిపడుతుంది. ఎంత లాగినా ఎముక దాకా రాదు.

రెండవది, కండరం కొవ్వుగా మారడం. పని లేని కండరం సన్నబడి, దాని పోగుల మధ్య కొవ్వు చేరుతుంది. సేద్యం చేయని చేను బీడు పడి ముళ్లకంప మొలిచినట్టు. ఫ్రెంచి వైద్యుడు గుటాలియే తన బృందంతో 1994లో దీనిని 0 నుండి 4 వరకు ఐదు దశలుగా విభజించినాడు. మూడవ దశలో కొవ్వు, కండరం సమానం. నాలుగవ దశలో కండరం కన్నా కొవ్వే ఎక్కువ. బీడు భూమిని మళ్లీ దున్నుకోవచ్చు గానీ, ఈ కొవ్వు తిరిగి కండరం కావడం దాదాపు జరగదు. అందువల్ల కుట్టు వేసినా లాగే బలం ఉండదు. మా నాయన రిపోర్టులో రెండు కండరాలకూ మూడవ దశ అని రాసి ఉంది.

మూడవది, స్నాయువు నాణ్యం. చీకిన గోనెసంచికి దబ్బనంతో కుట్టు వేస్తే దారం తెగదు, గోనె చిరుగుతుంది. పాత స్నాయువు కూడా అంతే.

వీటికి తోడు ఎక్స్‌రేలో భుజాస్థి తలకూ ఎక్రోమియన్‌కూ మధ్య ఎడం 7 మి.మీ. కంటే తగ్గితే, కుట్టు కష్టమని ముందే అనుమానిస్తారు. ఐదు సెంటీమీటర్లు దాటిన చిరుగునూ, రెండు లేక అంతకన్న ఎక్కువ స్నాయువులు పూర్తిగా తెగిన చిరుగునూ భారీ చిరుగు అంటారు. భారీ చిరుగులన్నీ కుట్టు పడనివి కావు. కుట్టు పడనివాటిలో చాలా భాగం మాత్రం భారీవే.

ఉన్న మార్గాలు

1. కత్తి లేని దారి. ముందుగా చెప్పవలసినది ఇదే. భుజం ముందు భాగంలోని డెల్టాయిడ్‌ను, మిగిలిన కఫ్ కండరాలను క్రమంగా బలపరచే వ్యాయామాలు ఉన్నాయి. మొదట వెల్లకిలా పడుకొని చేయి ఎత్తడం, తరువాత వాలుగా కూర్చొని, చివరకు నిలబడి. కనీసం మూడు నెలలు మానకుండా చేయాలి. స్నాయువు అతకదు, అయినా చాలామందికి నొప్పి తగ్గి చేయి లేస్తుంది. వయసు మళ్లినవారికి, పెద్ద పనులు లేనివారికి ఇదే చాలవచ్చు.

2. శుభ్రపరచడం. కెమెరా ద్వారా లోపల చిరిగిన పీలికలను, వాచిన పొరను తీసివేస్తారు. కండపుష్టి కండరమైన బైసెప్స్‌కు చెందిన ఒక పొడుగాటి స్నాయువు భుజం కీలులో నుండే పోతుంది. అది నలిగి నొప్పి పెడుతుంటే దానిని కోసి వదిలివేస్తారు. ఆపరేషను చిన్నది, కోలుకోవడం త్వరగా. నొప్పి తగ్గుతుంది గానీ బలం తిరిగి రాదు.

3. సగం కుట్టు. మొత్తం మూయలేకపోయినా, ముందు వెనుక అంచులను ఎముకకు బిగించవచ్చు. స్టీఫెన్ బర్క్‌హార్ట్ 1994లో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినాడు. వేలాడే వంతెనకు మధ్యలో ఖాళీ ఉన్నా రెండు కొసల స్తంభాలు గట్టిగా ఉంటే అది నిలుస్తుంది గదా, అదే సూత్రం. కాడికి రెండు వైపులా ఎద్దులు ఉంటే చాలు, నడుమ ఏమున్నదీ అంత ముఖ్యం కాదు. అయితే ఆ కుట్టు కూడా కొన్నాళ్లకు విడిపోయే అవకాశం ఉంది.

4. బెలూను. భుజాస్థి తలకూ ఎక్రోమియన్‌కూ మధ్య ఉప్పునీటితో నింపిన చిన్న బెలూనును ఉంచుతారు. అది తలను కిందికి నొక్కి ఉంచుతుంది. సుమారు ఏడాదిలో శరీరంలో కరిగిపోతుంది. ఈలోగా డెల్టాయిడ్ కొత్త పని నేర్చుకుంటుందని ఆశ. వినడానికి ఎంతో బాగుంది. బ్రిటన్‌లో 24 ఆసుపత్రులలో 117 మంది మీద దీనిని పరీక్షించినారు. కొందరికి శుభ్రపరచడం మాత్రమే చేసినారు, కొందరికి దానితో పాటు బెలూను కూడా పెట్టినారు. 2022లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. ఏడాది తరువాత 48 మార్కుల కొలతలో బెలూను లేనివారికి సగటున 34.3, ఉన్నవారికి 30.3. బెలూను వల్ల మేలు కనబడక పరీక్షను మధ్యలోనే ఆపినారు. అదే ఏడాది అమెరికాలో వెలువడిన మరొక పరీక్షలో, సగం కుట్టుతో పోల్చినప్పుడు బెలూను తీసిపోలేదని తేలింది. దేనితో పోల్చినారన్నది చూడకుండా ఫలితాన్ని చదవకూడదని మాకు ప్రాక్టికల్స్‌లో చెప్పిన మాట ఇక్కడ నాకు బాగా అర్థమైంది.

5. పై తొడుగు వేయడం. జపాను వైద్యుడు తెరుహిసా మిహాతా ఆలోచన ఇది. తెగిన స్నాయువును వదిలేసి, గుంట పై అంచు నుండి భుజాస్థి దాకా ఒక పట్టీని కప్పులాగా కుడతారు. ఆ పట్టీని రోగి తొడ పక్కన ఉండే గట్టి పొర నుండి తీసి, మడతలు వేసి మందంగా చేస్తారు. కొన్ని దేశాలలో దానం చేసిన మనుషుల చర్మం నుండి తయారైన పట్టీ వాడతారు. 2013లో ఆయన 24 భుజాల ఫలితాలు ప్రకటించినాడు. చేయి ఎత్తే కోణం సగటున 84 డిగ్రీల నుండి 148 డిగ్రీలకు పెరిగింది. ఎముకల నడుమ ఎడం 4.6 మి.మీ. నుండి 8.7 మి.మీ.కు పెరిగింది. అయితే అందరి చేతుల్లోనూ ఇంత మంచి ఫలితం రాలేదు. కీలు అప్పటికే అరిగి ఉంటే ఇది పనికిరాదు.

6. కండరం మార్చి కట్టడం. ఒక ఎద్దు పడిపోతే పక్కింటి ఎద్దును బదులు తెచ్చుకోమా? అలాగే బాగున్న వేరొక కండరాన్ని తెచ్చి తెగిన దాని చోట కడతారు. వీపు మీది వెడల్పు కండరమైన లాటిసిమస్ డోర్సైను ఇలా మార్చే పద్ధతిని స్విట్జర్లాండుకు చెందిన క్రిస్టియన్ గెర్బర్ 1988లో వివరించినాడు. తరువాత ట్రెపీజియస్ కండరం కింది భాగాన్ని వాడే పద్ధతి వచ్చింది. దీనికి అమెరికాలో బాసెమ్ ఎల్‌హసన్ ప్రాచుర్యం కల్పించినాడు. ఈ కండరం భుజాస్థి దాకా చేరదు, కనుక నడుమ మరో స్నాయువును అతకాలి. దాత మడమ స్నాయువును గానీ, రోగి తొడ వెనుక నుండి తీసిన స్నాయువును గానీ వాడతారు. ఇది లాగే దిశ ఇన్‌ఫ్రాస్పైనేటస్ దిశకు దగ్గరగా ఉంటుంది. అందువల్ల చేతిని బయటికి తిప్పే శక్తి తిరిగి వస్తుంది. ముందు వైపు సబ్‌స్కాపులారిస్ బాగుండాలి, కీలు అరగకూడదు, రోగి ఓపిక గలవాడై ఉండాలి. ఆరు వారాలు పట్టీలో చేయి, తరువాత నెలల తరబడి అభ్యాసం. బరువు పని చేసే నడివయసు వారికి ఈ మార్గాన్ని ఎక్కువగా ఆలోచిస్తారు.

7. తిరగేసిన కీలు. కృత్రిమ భుజం చరిత్ర పాతది. పారిస్‌లో ఝూల్ పెయాన్ 1893లో ఒక క్షయ రోగికి ప్లాటినం, రబ్బరుతో చేసిన కీలు అమర్చినాడు. రెండేళ్ల తరువాత చీము వల్ల తీసివేయవలసి వచ్చింది. తరువాతి కాలపు కీళ్లు మామూలు భుజాన్నే అనుకరించినాయి. కఫ్ లేని వారిలో అవి పైకి జారి వదులయ్యేవి. ఫ్రాన్సులో దిజోఁ పట్టణపు పాల్ గ్రామోఁ 1985లో కీలునే తిరగేసినాడు. గుండును రెక్క ఎముకకు, గుంటను చేతి ఎముకకు బిగించినాడు. దీనితో తిరిగే కేంద్రం లోపలికీ కిందికీ జరుగుతుంది. బావి దగ్గర ఏతానికి అడ్డం ఎక్కడ పెట్టినామన్నదాని మీద లాగే శ్రమ ఆధారపడినట్టే, కేంద్రం జరిగేసరికి డెల్టాయిడ్‌కు లాగే అనువు పెరుగుతుంది. కఫ్ లేకుండానే ఒక్క ఎద్దుతో బండి నడుస్తుంది. చేయి ఎత్తలేని ముసలివారు తల దువ్వుకోగలుగుతున్నారు. కీలు అరిగిన వృద్ధులకు ఇది ఈనాడు ముఖ్యమైన చికిత్స. అయినా జాగ్రత్తలున్నాయి. కీలు తొలగడం, చీము పట్టడం, రెక్క ఎముక ఒరుసుకొని అరగడం, ఎక్రోమియన్ పగలడం వంటివి జరగవచ్చు. పెద్ద బరువులు ఎత్తవద్దని సాధారణంగా చెబుతారు. వయసు తక్కువైనవారికి తొందరపడి వేయరు. వదులైతే రెండోసారి వేయడం మరింత కష్టం.

మా నాయన విషయం

ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకొని మా నాయన ముందు చదివినాను. వయసు 57. కీలు ఇంకా అరగలేదు. ముందు స్నాయువు బాగుంది. డాక్టరు గారు మోచేతిని పక్కకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పి వదిలితే, అది నిలవక లోపలికి వచ్చేసింది. అంటే బయటికి తిప్పే కండరం పని చేయడం లేదు. ఈ లెక్కలన్నీ చూసి ఆయన చెప్పింది ఇది: ముందు మూడు నెలలు వ్యాయామం, చాలకపోతే ట్రెపీజియస్ కండరం మార్పిడి, ఏళ్లు గడిచి కీలు అరిగితే అప్పుడు తిరగేసిన కీలు.

"పాపా, ఇవన్నీ సరే. ఇందులో మళ్లీ మూటె ఎత్తుకునేది ఏది?" అని అడిగినాడు మా నాయన.

నా నోటుబుక్కులో ఆ ప్రశ్నకు సూటి జవాబు లేదు. కోణాలున్నాయి, మార్కులున్నాయి, మి.మీ. లున్నాయి. మూటె లేదు. ఏ పద్ధతీ పాత భుజాన్ని తిరిగి ఇవ్వదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తరువాత డాక్టరు గారే చెప్పినారు. "అన్నా, మూటె మరిచిపో. చెంబు ఎత్తడం, అంగీ తొడుక్కోవడం, రాత్రి నిద్ర పోవడం, ఇవి సాధిద్దాం."

మూడు నెలలు వ్యాయామం చేసినాడు. మంచం మీద పడుకొని నీళ్ల సీసా పట్టుకొని చేయి ఎత్తేవాడు, నేను లెక్క పెట్టేదాన్ని. నొప్పి తగ్గింది, ఇప్పుడు నిద్ర పడుతుంది. చేయి తల దాకా లేస్తుంది. బయటికి తిప్పడం మాత్రం రాలేదు. మందు డబ్బా వీపున వేసుకొని పిచికారీ చేయలేడు. ఆ పని అమ్మ చేస్తుంది.

ఆపరేషను చేయించుకోమని నేను పట్టుబట్టినాను. "ఏడాది చెయ్యి కట్టుకొని కూర్చుంటే చేను ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు. అది మొండితనమని మొదట నాకు కోపం వచ్చింది. తరువాత ఆలోచిస్తే, ఆయన కూడా నాలాగే లెక్క వేస్తున్నాడని అర్థమైంది. నేను భుజం లెక్క వేస్తున్నాను, ఆయన ఇంటి లెక్క వేస్తున్నాడు. అయితే ఆ లెక్కలో ఒకటి తప్పింది. ఈ మార్పిడి ఎప్పుడైనా చేయించుకోగలిగేది కాదు. కీలు అరిగినాక ఆ దారి మూసుకుపోతుంది. ఈ మాట డాక్టరు గారి చేత మరోసారి చెప్పించినాను. నాలుగు రోజులు ఏమీ మాట్లాడలేదు. ఐదో రోజు మా మామతో మాట్లాడి, రానున్న ఏడాదికి చేను గుత్తకు ఇచ్చినాడు. నా పరీక్షలు అయినాక ఈ వేసవిలో ఆపరేషను. ఫలితం ఎలా ఉంటుందో ముందే చెప్పే శాస్త్రం లేదు.

ముగింపు

మిత్రులారా, మనలో చాలామంది సేద్యగాళ్ల, కూలీల ఇళ్ల నుండి వచ్చినవాళ్లమే. మన ఇళ్లలో భుజమే పెట్టుబడి. కనుక ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. కింద పడిన తరువాత, లేక బరువు ఎత్తిన తరువాత ఎవరైనా చేయి ఎత్తలేకపోతే, ఎక్స్‌రేలో ఎముక బాగుందని ఊరుకోవద్దు. స్నాయువు ఎక్స్‌రేలో కనబడదు. రెండు మూడు వారాలలో చేయి లేవకపోతే ఎముకల డాక్టరుకు చూపించి, స్కానింగు అవసరమా అని అడగండి. దెబ్బ వల్ల తెగిన స్నాయువుకు మొదటి నెలలలో ఉన్న మంచి దారి కుట్టు. అది దాటిన తరువాత మిగిలే దారులే నేను పైన రాసినవి. అవన్నీ గొప్ప తెలివితేటలతో కనిపెట్టినవే. కానీ ఏదీ ఆ మొదటి కుట్టుకు సాటి రాదు.

పదకొండు నెలలు నేను రుద్దిన మందు తెగిన స్నాయువు మీద కాక పైచర్మం మీదనే పనిచేసింది. మా ఇంట్లో ఆలస్యంగా తెలిసిన ఈ సంగతి మీ ఇంట్లో సకాలంలో తెలియాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ నాయననో, అమ్మనో రెండు చేతులూ పైకి ఎత్తమని ఒకసారి అడగండి.